పదకొండింటికి వచ్చే చూపు

మొన్న మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ కొనుక్కుంది. తలంటుకుని వచ్చి, అద్దం ముందు నిలబడి దాన్ని ఆన్ చేసేసరికి ఆ హోరు విని నాకు నవ్వు ఆగలేదు.

"ఎందుకమ్మా?" అంది.

"ఈ వస్తువును నేను మొదటిసారి చూసింది ఒక బట్టతల ఆయన చేతిలో."

హాస్యమాడుతున్నాననుకుంది. నిజంగా నిజం. ఆయన దాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, రెప్పలు విప్పార్చి, ఆ వేడిగాలికి కళ్ళప్పగించి కూర్చునేవారు. రోజూ పొద్దున్నే, ఒక్కో కంటికి మూడేసి నిమిషాలు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. అమలాపురంలో ఆ రోజుల్లో 'మాస్టారు' అంటే చాలామందే ఉండేవారు గాని, 'టైపు మాస్టారు' అంటే ఆయనొక్కరే. పేరు చెప్పాల్సిన అవసరం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మెయిన్ రోడ్డు పక్క సందులో, మందుల కొట్టు మీద మేడలో రెండు గదులు, అదే ఆయన టైపు స్కూలు. పన్నెండు మెషిన్లు. పొద్దున్న ఆరింటికి మొదటి బ్యాచి. డిగ్రీ అయ్యాక నేను అక్కడే టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసయ్యాను. తొంభైల మొదట్లో అక్కడే నేర్పే పనిలో కుదిరాను.

ఆయన అందరికీ వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. పన్నెండు మెషిన్లూ ఒకేసారి మోగుతుంటే అటు తిరిగే, "నాలుగో మెషినూ, చిటికెనవేలు బద్ధకిస్తోందమ్మా" అనేవారు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి చూసుకుంటే సరిగ్గా చిటికెనవేలితో కొట్టాల్సిన అక్షరమే వెలవెలబోయి ఉండేది. ఆయనకు మనుషులు పేర్లతో గుర్తుండేవారు కాదు, మెషిను నంబర్లతో గుర్తుండేవారు. బజార్లో ఎదురైనా అంతే. "ఏం తొమ్మిదో మెషినూ, మీ అన్నయ్య కువైట్ నుంచి వచ్చేడా?" అనేవారు. పెళ్ళయి ఇద్దరు పిల్లలతో ఉన్న ఆవిడ కూడా నిలబడిపోయి, "ఆయ్, వచ్చేడండి" అని జవాబిచ్చేది. పెళ్ళికి పిలవడానికి ఎవరైనా వస్తే, వాళ్ళ ముందే శుభలేఖ చదివి, ఉన్న అచ్చుతప్పులన్నీ చూపించి, ఆ తర్వాత కుర్చీ వేసేవారు.

అలాంటి ఆయన కళ్ళ సంగతి ఒక శ్రావణమాసం పొద్దున్న బయటపడింది.

ఉప్పలగుప్తం నుంచి వచ్చే ఒక అమ్మాయి కార్బన్ పెట్టి ఉత్తరం కొట్టి, పైకాగితం తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చింది. ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, "ఒక్క తప్పూ లేదు. బాగా కొట్టేవు" అని వెనక్కిచ్చేశారు. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది. నేను వెళ్ళి కాగితం తీసుకున్నాను. తెల్లకాగితం. ఎవరో ఆ మెషినులో రిబ్బను మీటను స్టెన్సిల్ మీదకు తిప్పి వదిలేశారు. అలా ఉంటే అక్షరం కాగితాన్ని గుద్దుతుంది గాని సిరా అంటదు. అడుగునున్న కార్బన్ కాపీ తీసి చూశాను. అందులో ఉత్తరం మొత్తం ఉంది. నిజంగానే ఒక్క తప్పూ లేదు.

మాస్టారు వేళాకోళమాడారని ఆ పిల్లకు సర్దిచెప్పి పంపించాను. బ్యాచి వెళ్ళిపోయాక ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మాస్టారూ, ఇందాక ఆ కాగితం మీద ఏముందండి?"

"ఉత్తరం."

"ఏమీ లేదండి. రిబ్బను తగల్లేదు. ఉత్త కాగితం."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"కార్బన్ కాపీ చూసేవా?"

"చూసేనండి. తప్పుల్లేవు."

"మరింకేం" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. "ఆ తలుపు దగ్గరగా వెయ్యమ్మాయ్" అన్నారు. వేశాను.

"నాకు పదకొండింటికి వస్తుంది చూపు. అందాకా అంతా పాలలో ముంచినట్టుంటుంది. దీపం చుట్టూ రంగుల చక్రం కనపడతాది. పదకొండు దాటిందా, సూదిలో దారం ఎక్కించమన్నా ఎక్కిస్తాను. మర్నాడు లేచేసరికి మళ్ళీ మామూలే."

"ఎన్నాళ్ళ నుంచండి?"

"రెండేళ్ళయ్యింది."

"పిన్నిగారికి తెలుసా అండి?" అన్నాను. ఆయన భార్యను నేను అలాగే పిలిచేదాన్ని.

"చెప్పలేదు. కానీ ఈమధ్య కాఫీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, వేళ్ళు కూడా తనే మూసి వెళుతోంది." కళ్ళజోడు మడిచి బల్ల మీద పెట్టి, "కళ్ళు కనపడని మాస్టారి దగ్గరకి పిల్లల్ని ఎవరు పంపిస్తారమ్మాయ్?" అన్నారు.

ఆ తర్వాత మరొకరైతే ఏం చేసేవారో గాని, ఆయన మాత్రం మెషినులోకి ఒక కాగితం ఎక్కించారు. గీతలు కొట్టి గళ్ళు చేశారు. తేదీ, లేచిన వేళ, ఎండా వానా, గంట గంటకూ చూపు. గోడ మీద నాలుగు వరుసల అక్షరాలున్న పెద్ద చార్టు ఉండేది. తన కుర్చీలోంచి ఎన్ని వరుసలు చదవగలిగితే అన్ని మార్కులు. మార్కులు వేసే పని నాది. ఆరింటికి సున్న. ఎనిమిదింటికి ఒకటి. పదకొండుకు నాలుగుకు నాలుగు. ఆదివారాలు కూడా వదల్లేదు. ఏడాది పొడుగునా సాగింది ఆ పరీక్ష. మొదటి బ్యాచి కాగితాలు నేను చూసేదాన్ని, వినడం ఆయన వంతు.

కాగితం నిండేకొద్దీ సంగతులు తేలాయి. ముసురు పట్టిన రోజుల్లో మధ్యాహ్నం మూడైనా మూడు వరుసలు దాటేవి కావు. రోహిణికార్తెలో తొమ్మిదింటికే నాలుగూ వచ్చేసేవి. భోజనం చేసి కునుకు తీస్తే లేచేసరికి చూపు వెనక్కి వెళ్ళిపోయేది. ఒకరోజు టేబులు ఫ్యాను ముందు కళ్ళు తెరుచుకుని కూర్చుంటే ఒక గంట ముందే వచ్చేసింది.

"చూడమ్మాయ్" అన్నారు ఒక సాయంత్రం, ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి. "నిద్రలో ఏమవుతుంది? రెప్ప మూసుకుంటుంది. గాలి తగలదు. మెలకువలో గాలి తగులుతుంది. అంటే నా కంట్లో ఎక్కడో నీరు చేరుతోంది, గాలికి ఆరుతోంది. అంతేనా?"

అంతే అనిపించింది. కానీ మా ఇద్దరి మాటా వినేదెవరు?

మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే ఆయన బావమరిది ఒకాయన ఉండేవారు. అక్కగారి మొహం చూసి సంగతి కనిపెట్టి, కొత్తపేట స్కూల్లో కంటి శిబిరం పెట్టారని తెలిసి, పట్టుబట్టి అక్కడికి తీసుకెళ్ళారు. పిన్నిగారి వెంట నేనూ వెళ్ళాను. అక్కడి కుర్ర డాక్టరు టార్చి వేసి రెండు క్షణాలు చూసి, "శుక్లం. రేపే ఆపరేషను. బస్సు ఎక్కండి" అన్నాడు. మాస్టారి వెనక రెండొందలమంది వరసలో ఉన్నారు. ఆ హడావుడిలో అతన్ని తప్పుపట్టడానికీ లేదు.

మాస్టారు, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి పక్కనే నిలబెట్టిన బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. పెట్టి, ఆగిపోయారు.

"ఒక్క మాటండీ. శుక్లం పొద్దున్న ఉండి మధ్యాహ్నానికి పోతుందా అండీ?"

"పోదు."

"నాకు పోతోందండి."

"పెద్దవారు, మీకలా అనిపిస్తుందండి. ఎక్కండి."

"అనిపించడం కాదండీ, ఏడాది పాటు రాసిపెట్టేను." జేబులోంచి కాగితాల మడత తీశారు. కుర్ర డాక్టరు అప్పటికే పక్కవాడి కంట్లో టార్చి వేస్తున్నాడు. మాస్టారు కాలు కిందికి దించేశారు.

బావమరిదిగారికి తల కొట్టేసినట్టయింది. "భయమైతే భయమని చెప్పండి బావగారూ! అందరిముందూ పరువు తియ్యకండి" అన్నారు. మాస్టారికి నిజంగా భయంగానే ఉంది. అయినా బస్సు ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయాక, దుమ్ములో నిలబడి, "నేను తప్పు చేసేనా అమ్మాయ్?" అని అడిగారు. "కాగితాలు తప్పు చెప్పవండి" అన్నాను.

వారం తిరక్కుండా మాస్టారూ పిన్నిగారూ నేనూ కాకినాడ బయల్దేరాం. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి కోటిపల్లిలో దిగి, బస్సు పట్టుకున్నాం. కాకినాడలో కార్నియా చదువు ప్రత్యేకంగా చదివిన డాక్టరమ్మగారు ఒకావిడ ఉన్నారని ఎవరో చెప్పారు. ఆవిడ గడ్డం ఆనించే మిషను ముందు ఆయన్ని కూర్చోబెట్టి, సన్నటి వెలుగు వేసి చాలాసేపు చూశారు. తర్వాత కాగితాలు అడిగి తీసుకుని, నిలబడే అన్నీ చదివారు. చదువుతూ చదువుతూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇది ఎవరు రాసేరండీ?"

"నేనేనండి. మార్కులు మా అమ్మాయి వేసింది."

"ఇన్నేళ్ళలో రోగం తన సంగతి తనే ఇంత శుభ్రంగా చెప్పడం నేను చూడలేదండి" అన్నారు ఆవిడ. మాస్టారి వీపు నిటారుగా అవడం నాకు వెనకనుంచి కనిపించింది.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే కార్నియాకు లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలు ఉంటాయి. కంటి లోపలి నీరు ఎప్పుడూ కార్నియాలోకి ఊరుతూనే ఉంటుంది. ఆ వరస కణాలు రాత్రీ పగలూ దాన్ని వెనక్కి పంపిస్తూ ఉంటాయి. అందుకే ఆ అద్దం పొడిగా, స్వచ్ఛంగా ఉంటుంది. పుట్టుకతో వచ్చిన కణాలే, పోతే మళ్ళీ పుట్టవు. మాస్టారి కళ్ళలో అవి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి.

"మావైపు రొయ్యల చెరువుల మీద ఇంజన్లు ఉంటాయండి, అలాగ తోడేస్తాయా?" అని అడిగారు మాస్టారు.

"ఇంజను నీళ్ళను తోడుతుందండి. ఇవి నీళ్ళను ముట్టుకోవు. ఉప్పుల్ని తోస్తాయి. లోపలివైపుకి ఉప్పు వెళితే, దాని వెనకే నీరు వెళుతుంది."

మాస్టారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అంతవరకూ నోరు విప్పని పిన్నిగారు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునే, "కాకరకాయ ముక్కల మీద ఉప్పు జల్లితే నీరు బయటికి వచ్చేయదూ? అదేనా అండి?" అన్నారు.

డాక్టరమ్మగారు కలం కింద పెట్టేశారు. "అదేనండీ! సరిగ్గా అదే!"

మాస్టారు భార్య వైపు తిరిగి చూశారు. అప్పటికి పదకొండు దాటింది. ఆవిడ మొహం ఆయనకు బాగా కనబడుతోంది. ఆవిడ సిగ్గుపడి కొంగు సర్దుకున్నారు.

"శుక్లం కూడా కొంచెం ఉందండి" అన్నారు డాక్టరమ్మగారు, శిబిరం సంగతి మేం చెప్పగా విని. "కానీ ఆ రోజు ఆపరేషను చేయించేసుకుని ఉంటే, మిగిలిన కణాల్లో ఎన్నో పోయేవి. ఆ మసక మధ్యాహ్నానికి కూడా పోయేది కాదు. బస్సు దిగి మంచిపని చేసేరు."

బావమరిదిగారి పేరు ఎవరూ ఎత్తలేదు. కానీ తిరుగు ప్రయాణంలో మాస్టారు పంటు అంచున నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న ప్రతి కొబ్బరిచెట్టునూ చూస్తూ, "దిగేనమ్మాయ్, దిగేసేను!" అని నాలుగుసార్లు అన్నారు.

రెండు మందులిచ్చారు ఆవిడ. ఒకటి ఉప్పు చుక్కలు, కార్నియా పైనుంచి నీటిని లాగడానికి. రెండోది గాలి. హెయిర్ డ్రయ్యరు చెయ్యి చాపినంత దూరంలో పెట్టి, గోరువెచ్చగా, పొద్దున్నే కంటిమీద ఆరబెట్టుకోమన్నారు. అమలాపురంలో అప్పటికి ఏ కొట్లోనూ ఆ వస్తువు లేదు. ఫ్యాన్సీ కొట్టాయన మాస్టారి తల వైపూ, నా వైపూ మార్చి మార్చి చూశాడు. చివరికి తొమ్మిదో మెషిను అన్నయ్యే కువైట్ నుంచి తెచ్చిచ్చాడు. గులాబీరంగుది. అది తప్ప వేరే రంగు దొరకలేదట.

దాంతో ఆరూ ముప్పావుకే మూడు వరుసలు వచ్చాయి. కరెంటు కోత రోజున పిన్నిగారు తాటాకు విసనకర్రతో ఎదురుగా కూర్చుని విసిరేవారు. "కొంచెం ఎడమవైపుకి" అనేవారు ఈయన. "నాకూ పని ఉందండీ" అనేవారు ఆవిడ. విసరడం మాత్రం ఆపేవారు కాదు. ఆ గులాబీరంగు డ్రయ్యరు మాస్టారికి పదేళ్ళకు పైగా చూపు నిలబెట్టింది.

ఈలోగా మెషిన్లు పన్నెండు నుంచి నాలుగయ్యాయి. మిగతా చోట కంప్యూటర్లు కూర్చున్నాయి. నాకు కోర్టులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అమ్మాయి పుట్టింది. ఆయన చూపు మాత్రం ఏటికేడు ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. పన్నెండు, రెండు, నాలుగు. చివరికి ఒక వానాకాలంలో అసలు రావడం మానేసింది. పైగా కంటి మీద చిన్న చిన్న నీటి పొక్కులు లేచి పగిలేవి. ఆ నొప్పికి ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయేవారు.

డాక్టరమ్మగారు హైదరాబాదుకు రాశారు. కొత్త పద్ధతి వచ్చిందట. ఇదివరకటిలా కార్నియా అంతా కోసి మార్చక్కర్లేదు. పాడైన లోపలి పొరను తీసేసి, చనిపోయినవాళ్ళు దానమిచ్చిన కంటిలోంచి అదే పొరను తెచ్చి అతికిస్తారు. కన్ను దొరికిందని కబురు వచ్చేదాకా ఆగాలి. నాలుగు నెలలాగాక ఫోను వచ్చింది. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.

ఆపరేషను చేసే డాక్టరుగారిని మాస్టారు ఒక్కటే అడిగారు.

"మనిషి పోయేక ఆ కణాలు బతికే ఉంటాయా అండీ?"

"వేళకు తీసి మందునీళ్ళలో దాస్తే కొన్నాళ్ళు ఉంటాయండి. రేపు మీ కంట్లో పెట్టేక మళ్ళీ పని మొదలుపెడతాయి."

"ఎవరివండీ?"

"అది మేం చెప్పకూడదండి."

మాస్టారు తల దించుకున్నారు. అన్నేళ్ళలో ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది అదొక్కసారే.

శుక్లం కూడా అప్పుడే తీసేశారు. కొత్త పొరను లోపల పరిచి, అది అతుక్కోవడానికి కింద గాలిబుడగ పెట్టారు. బుడగ పైకి నొక్కుతూ ఉండాలంటే మనిషి వెల్లకిలా, కదలకుండా కప్పు వైపే చూస్తూ పడుకోవాలి. మాస్టారు పడుకున్నారు. మంచం పక్కన పిన్నిగారు కునికిపాట్లు పడుతున్నారు. కాసేపటికి దుప్పటి మీద ఆయన వేళ్ళు కదలడం గమనించాను. పది వేళ్ళూ ఒక పద్ధతిలో కదులుతున్నాయి. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని, ఆ వేళ్ళు నాకు తెలియవా? ఎడమ చిటికెన, కుడి చూపుడు, మధ్యలో బొటనవేలితో ఖాళీ. ఇంగ్లీషులో ఉత్తరం కొడుతున్నారు.

గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా, అని మొదలైంది. మీ ఇంట్లో పోయినవారు ఎవరో నాకు తెలియదు. వారి కంటిలోని ఒక పొర ఈ రోజు నా కంటిలో పనిలో చేరింది. దాన్ని నేను జాగ్రత్తగా చూసుకుంటానని మీకు మాట ఇస్తున్నాను.

వేళ్ళు ఆగాక, "చదివేనండి మాస్టారూ" అన్నాను నెమ్మదిగా.

ఆయన కప్పు వైపు చూస్తూనే నవ్వారు. "తప్పులున్నాయా?"

"కనపడలేదండి."

"అయితే శుభ్రంగా కొట్టి పెట్టు. నేను చదివే సంతకం పెడతాను. చదవకుండా పెట్టను."

కొట్టి పెట్టాను. అమలాపురం వచ్చాక నెల రోజులు ఆ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. మసక తగ్గుతోందనేవారు గాని కాగితం ముట్టుకునేవారు కాదు. ఒకరోజు తెల్లవారుతుండగా పిన్నిగారు ఫోను చేశారు. "మాస్టారు నిన్ను రమ్మంటున్నారమ్మా. వెంటనే రావాలిట." ఉన్న చీరతోనే పరుగెత్తాను.

ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ఉత్తరం. లైటు వెయ్యలేదు, అప్పుడే వస్తున్న వెలుతురులో చదువుతున్నారు. నన్ను చూసి కాగితం చాపారు.

"ఆరో లైను. కామా పక్కన ఖాళీ వదల్లేదు."

కాగితం తీసుకుని కళ్ళు చిట్లించి చూశాను. నిజమే. కంటికి దగ్గరగా పట్టుకుని చూస్తేగాని నాకు తెలియలేదు.

"ఇంటికెళ్ళి నెమ్మదిగా కొట్టుకొస్తానండి" అన్నాను.

"ఇక్కడే కొట్టు. లోపల మెషినుంది కదా. ఇవాళ తపాలాకి వెళ్ళాలి."

కొట్టాను. ఆయన మళ్ళీ మొదటినుంచీ చదివి సంతకం పెట్టారు. ఆసుపత్రివాళ్ళు ఉత్తరం అందించినా పేరు మాత్రం చెప్పరని తెలుసు, అయినా పూర్తి పేరే రాశారు. కవరు మీద ఆ హైదరాబాదు ఆసుపత్రి అడ్రసు కూడా తనే రాసి, చెప్పులు తొడుక్కుని, పిన్నిగారినీ నన్నూ వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు బయల్దేరారు.

ఆ దారంతా ఆయన నడవలేదు, చదివారు. పైకే. మూసి ఉన్న కొట్ల బోర్డులు, గోడమీద సినిమా కాగితాలు, ఎరువుల కంపెనీ రాతలు, పాలవాడి సైకిలు మీద పేరు. రాజోలు బస్సు ఎదురొస్తే ఆగి, నుదుటి మీది బోర్డు ఊళ్ళతో సహా వప్పజెప్పారు. పిన్నిగారు, "మెల్లగా అండీ, నలుగురూ చూస్తున్నారు" అన్నారు గాని ఆవిడే అందరికన్నా పెద్దగా నవ్వుతున్నారు. ఉత్తరం పెట్టెలో వేశాక, దాని నోట్లోకి చెయ్యి పెట్టి లోపల పడిందో లేదో కూడా చూసుకున్నారు.

మూల మీద కాఫీ హోటలాయన గల్లా దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"ఏటండి మాస్టారూ! ఇంత పొద్దున్నే ఊరంతా చదివేస్తున్నారు?"

మాస్టారు రోడ్డు మీదే ఆగి, హోటల్లో వెనకగోడ మీదున్న గడియారం వైపూ, తన చేతి వాచీ వైపూ చూశారు.

"ఆయ్, పొద్దున్నేనండీ! ఆరూ ఇరవై రెండు" అన్నారు. "మీది రెండు నిమిషాలు వెనకుంది. సరిచేయించండి."